స్నాప్‌షాట్ నుంచి ఈబీఎస్ వాల్యూమ్‌ను తిరిగి తెచ్చుకోవడం ఎలా?

"స్నాప్‌షాట్లు రోజూ పడుతూనే ఉన్నాయి, కానీ రీస్టోర్ బటన్ ఎక్కడుందో దొరకట్లేదు" అని అడిగేవాళ్లు ఆగట్లేదు. దొరకదు. ఈబీఎస్ వాల్యూమ్ అంటే అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌లో ఈసీ2 సర్వర్‌కు తగిలించే డిస్కు, స్నాప్‌షాట్ అంటే ఒక క్షణంలో దాని నకలు. అలా తగిలించిన డేటా వాల్యూమ్‌ను ఉన్నచోటే పాత స్థితికి తిప్పే బటన్ ఏడబ్ల్యూఎస్ ఇవ్వలేదు. స్నాప్‌షాట్ నుంచి కొత్త వాల్యూమ్ తయారు చేసుకోవాలి, దాన్ని పాతదాని పక్కన తగిలించాలి, డేటా సరిగ్గా ఉందో లేదో చూసుకుని అప్పుడు మార్చుకోవాలి. నన్నడిగితే బటన్ లేకపోవడమే మంచిదైంది. కంగారులో ఉన్న మనిషి చేతికి అలాంటి బటన్ దొరికితే, మిగిలిన కాస్త డేటా కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

ఈ వ్యాసం లినక్స్ సర్వర్లకు రాసింది. విండోస్ వాళ్లకు ఐదో మెట్టులో రెండు మాటలున్నాయి. కమాండ్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు చేతిలో ఉండాల్సినవి

- ఏ వాల్యూమ్ పాడైందో దాని ఐడీ, అది ఏ అవైలబిలిటీ జోన్‌లో (రీజియన్‌లోని ఒక డేటా సెంటర్ల గుంపులో) ఉందో.
- కంప్లీటెడ్ అని చూపిస్తున్న స్నాప్‌షాట్. పెండింగ్‌లో ఉన్నదాన్నుంచి వాల్యూమ్ చేయలేరు.
- వాల్యూమ్ చేసే, తగిలించే అనుమతులు. స్నాప్‌షాట్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే కేఎంఎస్ (ఏడబ్ల్యూఎస్ తాళంచెవుల సేవ) తాళంచెవిని వాడే అనుమతి కూడా కావాలి.
- సర్వర్‌లో సుడో (అడ్మిన్) అనుమతి.
- వీలైతే అదే జోన్‌లో ఇంకో చిన్న సర్వర్. తనిఖీ అక్కడ చేసుకుంటే అసలు సర్వర్ జోలికి పోనక్కర్లేదు.

స్నాప్‌షాట్ ఆర్కైవ్‌లో ఉందేమో మొదటే చూసుకోండి. ఖర్చు తగ్గుతుందని పాతవాటిని ఆర్కైవ్‌లోకి నెట్టిన సంస్థలు చాలానే ఉన్నాయి. అక్కడి నుంచి మామూలు టియర్‌కు రావడానికి 72 గంటల దాకా పట్టొచ్చు. అలాగైతే ముందు దానికి రిక్వెస్ట్ పెట్టేసి, తర్వాత మిగతాది చదవండి. ఎవరో స్నాప్‌షాట్‌ను డిలీటే చేసేశారంటే రీసైకిల్ బిన్‌లో చూడండి. డిలీట్ కాకముందే రిటెన్షన్ రూల్ పెట్టి ఉంటేనే అందులో దొరుకుతుంది.

1. రాతలు ఆపండి, పాడైనదాన్ని కూడా స్నాప్‌షాట్ తీయండి

అప్లికేషన్ ఆపండి. డేటాబేస్ ఉంటే దాన్నీ ఆపండి. తర్వాత పాడైన వాల్యూమ్‌కే ఒక స్నాప్‌షాట్ తీసి, దానికి గుర్తుపట్టేలా ట్యాగ్ పెట్టండి. పాడైనదాన్ని దాచుకోవడం ఎందుకని చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. పొద్దున తీసిన స్నాప్‌షాట్‌కూ మధ్యాహ్నం జరిగిన ప్రమాదానికీ మధ్య వచ్చిన డేటా ఎక్కడైనా మిగిలి ఉందంటే అది ఈ పాడైన వాల్యూమ్‌లోనే. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో జరిగిన మార్పుల చిట్టాలైన బిన్‌లాగ్‌లు కూడా సాధారణంగా ఇందులోనే ఉంటాయి.

పాత వాల్యూమ్‌ను డిటాచ్ చేయొచ్చు. డిలీట్ మాత్రం చివరి మెట్టు దాకా వద్దు.

2. సరైన స్నాప్‌షాట్‌ను ఎంచుకోండి

ఈసీ2 కన్సోల్‌లో స్నాప్‌షాట్స్ పేజీ తెరిచి, పైన "ఓన్డ్ బై మీ" ఎంచుకోండి. వెతికే చోట పాత వాల్యూమ్ ఐడీ ఇస్తే దానికి సంబంధించినవే మిగులుతాయి. పేరు చూసి ఎంచుకోకండి, పేర్లను స్క్రిప్టులు ఇష్టమొచ్చినట్టు పెడతాయి.

చూడాల్సింది స్నాప్‌షాట్ మొదలైన సమయం. పూర్తవడానికి గంట పట్టినా, అందులో ఉండేది మొదలైన క్షణంలోని డేటాయే. ఇక్కడ మన గడియారంతో ఒక తిరకాసుంది. స్నాప్‌షాట్లను వేళకు తనంతట తాను తీసే డేటా లైఫ్‌సైకిల్ మేనేజర్ పాలసీలో ఇచ్చే సమయం యూటీసీలో ఉంటుంది. అందులో 02:00 అని పెట్టి "రాత్రి రెండింటికి పడుతోంది" అనుకుంటారు. మనకది ఉదయం 7:30. అంటే రాత్రి ఎవరూ వాడని వేళలో కాకుండా, దుకాణాలు తెరిచే ముందు పడుతోందన్నమాట.

"మధ్యలో పాత స్నాప్‌షాట్లు కొన్ని డిలీట్ అయ్యాయి, ఇది పనిచేస్తుందా?" అన్నది తరచూ వచ్చే ఇంకో అనుమానం. పనిచేస్తుంది. మారిన బ్లాకులే దాచినా, ఏ స్నాప్‌షాట్‌కు కావలసిన బ్లాకులు దానికి అందేలా ఏడబ్ల్యూఎస్ చూసుకుంటుంది.

డేటా రెండు మూడు వాల్యూమ్‌ల మీద పరుచుకుని ఉంటే, అంటే రెయిడ్ గానీ ఎల్‌వీఎం గానీ వాడుతుంటే, అన్నిటికీ ఒకే క్షణంలో తీసిన స్నాప్‌షాట్లే కావాలి. మల్టీ వాల్యూమ్ పద్ధతిలో తీసినవైతే ఇబ్బంది లేదు. ఒక్కోదానికి విడివిడిగా తీసినవాటిని కలిపితే ఫైల్‌సిస్టమ్ లేస్తుందన్న భరోసా లేదు.

3. కొత్త వాల్యూమ్ తయారు చేయండి

స్నాప్‌షాట్‌ను టిక్ చేసి, యాక్షన్స్‌లో "క్రియేట్ వాల్యూమ్ ఫ్రమ్ స్నాప్‌షాట్" నొక్కండి. ఇక్కడ నాలుగు గడులు జాగ్రత్తగా చూడాలి.

జోన్: అందరూ తప్పేది ఇక్కడే. స్నాప్‌షాట్ రీజియన్ మొత్తానికి చెందుతుంది, వాల్యూమ్ మాత్రం ఒక్క జోన్‌కే చెందుతుంది. మీ సర్వర్ హైదరాబాద్ రీజియన్‌లో ఏపీ-సౌత్-2బీలో ఉంటే వాల్యూమ్ కూడా 2బీలోనే పుట్టాలి. కన్సోల్ మొదట వేరే జోన్‌ను చూపించవచ్చు, దాన్ని అలాగే వదిలేస్తే అటాచ్ చేసేటప్పుడు మీ సర్వర్ పేరు లిస్టులో కనిపించదు. అప్పుడు మార్చడానికి దారి లేదు, ఆ వాల్యూమ్ తీసేసి మళ్లీ చేయాల్సిందే. ఇక స్నాప్‌షాట్ ముంబైలో, సర్వర్ హైదరాబాద్‌లో ఉంటే ముందు స్నాప్‌షాట్‌ను కాపీ చేసి హైదరాబాద్‌కు తెచ్చుకోవాలి.

సైజు: స్నాప్‌షాట్ సైజు కంటే పెంచొచ్చు, తగ్గించలేరు. పెంచినా ఫైల్‌సిస్టమ్ తనంతట తాను పెరగదు. పార్టిషన్ ఉంటే ముందు గ్రోపార్ట్ నడపాలి. ఆ తర్వాత ఈఎక్స్‌టీ4 అయితే రీసైజ్2ఎఫ్ఎస్, ఎక్స్ఎఫ్ఎస్ అయితే ఎక్స్ఎఫ్ఎస్_గ్రోఎఫ్ఎస్. ఇవన్నీ తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు. రీస్టోర్ రోజున ఈ అదనపు పని పెట్టుకోకపోవడమే నయం.

రకం: జీపీ3 చాలు. ఎంత చిన్న వాల్యూమ్‌కైనా 3,000 ఐఓపీఎస్ (సెకనుకు చేసే చదివే, రాసే పనులు), సెకనుకు 125 ఎంఐబీ వస్తాయి. పాత వాల్యూమ్‌కు మీరు ఇంతకంటే ఎక్కువ కొనుక్కుని ఉంటే ఆ అంకెలు చేత్తో వేయాలి. అవి స్నాప్‌షాట్‌తో రావు. ఇది మర్చిపోయి "రీస్టోర్ చేశాక డేటాబేస్ నెమ్మదించింది" అని తల పట్టుకునేవాళ్లున్నారు.

ఎన్‌క్రిప్షన్: తాళంచెవి డిసేబుల్ అయినా, డిలీషన్‌కు షెడ్యూల్ అయినా స్నాప్‌షాట్ ఉండి కూడా లేనట్టే. డిలీషన్‌కు 7 నుంచి 30 రోజుల గడువుంటుంది. ఆలోపు కేఎంఎస్‌లోకి వెళ్లి క్యాన్సిల్ చేసి, తాళంచెవిని మళ్లీ ఎనేబుల్ చేయండి. గడువు దాటితే ఆ డేటాను ఎవరూ తేలేరు.

4. నెమ్మదిగా ఎందుకు చదువుతుందో తెలుసుకోండి

వాల్యూమ్ నిమిషంలో "అవైలబుల్" అని చూపిస్తుంది. 500 జీబీ డేటా నిమిషంలో వచ్చేసిందని సంబరపడకండి. డేటా ఇంకా స్నాప్‌షాట్లు దాచే ఎస్3 నిల్వలోనే ఉంది. మీరు ఏ బ్లాకును మొదటిసారి చదివితే ఆ బ్లాకు అప్పుడు దిగుతుంది. అందుకే మొదటి క్వెరీలు నత్తనడక నడుస్తాయి.

కొన్ని ఫైళ్లు మాత్రమే కావాలంటే దీన్ని పట్టించుకోనక్కర్లేదు. డేటాబేస్‌ను పూర్తిగా దీని మీదకు మార్చబోతున్నారంటే మాత్రం, తగిలించాక డీడీ కమాండ్‌తో గానీ ఫియో కమాండ్‌తో గానీ మొత్తం డిస్కును ఒకసారి చదివించండి. 500 జీఐబీ వాల్యూమ్‌ను సెకనుకు 125 ఎంఐబీ చొప్పున చదివినా గంటకు పైనే పడుతుంది, అసలు వేగం అంతకంటే తక్కువే ఉండొచ్చు.

డీడీతో ఒక హెచ్చరిక. "ఐఎఫ్" చదివే చోటు, "ఓఎఫ్" రాసే చోటు. ఐఎఫ్ దగ్గర మీ డిస్కు, ఓఎఫ్ దగ్గర /డెవ్/నల్ (రాసినదంతా పారేసే చోటు) ఉండాలి. ఓఎఫ్ దగ్గర డిస్కు పేరు పడితే కొత్త వాల్యూమ్ మీద చెత్త రాసేస్తుంది. ఎంటర్ కొట్టే ముందు చేతులు కీబోర్డు మీంచి తీసి, లైన్ ఒకసారి పైకి చదవండి.

డబ్బు పెట్టగలిగితే వాల్యూమ్ చేసేటప్పుడే ఇనిషియలైజేషన్ రేటు (బ్లాకులు దిగే వేగం) ఎంచుకోవచ్చు, సెకనుకు 100 నుంచి 300 ఎంఐబీ వరకు. బ్లాకుల్ని ముందే సిద్ధంగా ఉంచే ఫాస్ట్ స్నాప్‌షాట్ రీస్టోర్ అని ఇంకోటుంది కానీ, ప్రమాదం జరిగాక దాన్ని ఆన్ చేసి లాభం తక్కువ. ఒక్కో టీఐబీకి గంట చొప్పున అదే తయారీకి తీసుకుంటుంది.

5. తగిలించి, ఏది ఏదో గుర్తుపట్టండి

వాల్యూమ్స్ పేజీలో కొత్తదాన్ని ఎంచుకుని "అటాచ్ వాల్యూమ్" నొక్కండి. డివైస్ పేరు ఎస్‌డీఎఫ్ అని ఇచ్చినా, నైట్రో రకం (కొత్త తరం) సర్వర్లలో లోపల అది ఎన్‌వీఎంఈ1ఎన్1 లాంటి పేరుతో కనిపిస్తుంది. 1 అయినా 2 అయినా ఆ అంకె మీద నమ్మకం పెట్టుకోకండి. రీబూట్ తర్వాత మారిపోవచ్చు. ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌కు "-ఓ +సీరియల్" చేర్చి నడిపితే చివరి వరసలో వాల్యూమ్ ఐడీ కనిపిస్తుంది, ఐడీ మధ్యలో ఉండే అడ్డగీత మాత్రం ఉండదు. కన్సోల్‌లోని ఐడీతో చివరి నాలుగు అక్షరాలు పోల్చుకోండి.

ఇప్పుడు ఈ వ్యాసం మొత్తంలో అతి ముఖ్యమైన హెచ్చరిక. ఎంకేఎఫ్ఎస్ కమాండ్ నడపొద్దు. కొత్త వాల్యూమ్ తగిలించడం ఎలా అని వెతికితే దొరికే చాలా పాఠాల్లో ఆ లైన్ ఉంటుంది. అది ఖాళీ వాల్యూమ్‌కు. స్నాప్‌షాట్ నుంచి వచ్చినదానిలో ఫైల్‌సిస్టమ్ ఉండనే ఉంది, ఎంకేఎఫ్ఎస్ నడిపితే దాన్ని తుడిచేస్తారు. అనుమానంగా ఉంటే "ఫైల్ -ఎస్" కమాండ్‌తో డివైస్‌ను చూడండి. ఎక్స్ఎఫ్ఎస్ అనో ఈఎక్స్‌టీ4 అనో వస్తే నేరుగా మౌంట్ చేయొచ్చు. బూట్ సెక్టార్ అని వస్తే లోపల పార్టిషన్ ఉంది, చివర పీ1 ఉన్న పేరును మౌంట్ చేయాలి. ఒట్టి "డేటా" అని వస్తే ఆగండి. తప్పు స్నాప్‌షాట్ అయినా కావచ్చు, రెయిడ్‌లో ఒక ముక్క అయినా కావచ్చు.

విండోస్‌లో అయితే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఆఫ్‌లైన్‌గా ఉన్న డిస్కును ఆన్‌లైన్ చేయండి. "ఇనిషియలైజ్ చేయాలా?" అని అడిగితే ఒప్పుకోకండి.

6. పక్కన మౌంట్ చేయండి

ఎంఎన్‌టీ కింద రీస్టోర్ అని ఒక ఫోల్డర్ చేసి అక్కడ మౌంట్ చేయండి. పాత వాల్యూమ్ కూడా అదే సర్వర్‌లో మౌంట్ అయి ఉండి, రెండూ ఎక్స్ఎఫ్ఎస్ అయితే ఇక్కడ "రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ సూపర్‌బ్లాక్" అన్న ఎర్రర్ వస్తుంది. అది చూసి స్నాప్‌షాట్ పాడైపోయిందనుకుని ఇంకో స్నాప్‌షాట్ కోసం పరుగెత్తేవాళ్లే ఎక్కువ. డీఎంఈఎస్‌జీ కమాండ్ చివరి లైన్లు చూడండి. డూప్లికేట్ యూయూఐడీ అని ఉంటుంది, యూయూఐడీ అంటే ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్య. కొత్తది పాతదాని నకలు కాబట్టి రెండింటి యూయూఐడీ ఒకటే, ఎక్స్ఎఫ్ఎస్ దానికి ఒప్పుకోదు. మౌంట్ కమాండ్‌కు "-ఓ నోయూయూఐడీ" చేరిస్తే సరి.

ఈఎక్స్‌టీ4 నోరు మెదపకుండా మౌంట్ అవుతుంది, అందుకే అది ఇంకా ప్రమాదం. బూట్‌లో ఏవి మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో యూయూఐడీతో రాసి ఉంటే, రెండు వాల్యూమ్‌లూ తగిలి ఉండగా రీబూట్ చేశారంటే ఏది మౌంట్ అవుతుందో చెప్పలేం. రెండూ ఉన్నంతసేపు రీబూట్ చేయకండి. ఎల్‌వీఎం వాడేవాళ్లకు ఇదే తంటా వాల్యూమ్ గ్రూప్ పేరుతో వస్తుంది. వాళ్లు వీజీఇంపోర్ట్‌క్లోన్ వాడాలి.

7. తనిఖీ

మౌంట్ అయింది కదా అని ఇక్కడితో ఆగిపోతే సగం పనే అయినట్టు. కింది వరసలో చూడండి.

ముందు డీఎఫ్‌తో వాడిన స్థలం పాతదానికి దగ్గరగా ఉందా? అన్నిటికన్నా చివర మారిన ఫైల్ సమయం, స్నాప్‌షాట్ మొదలైన సమయానికి కాస్త ముందే ఉందా? రెండు రోజుల వెనక ఉందంటే మీరు తప్పు వాల్యూమ్ స్నాప్‌షాట్ పట్టుకున్నారు, లేదా అప్లికేషన్ అసలు వేరే చోట రాస్తోంది.

తర్వాత అన్‌మౌంట్ చేసి ఫైల్‌సిస్టమ్‌ను చదవడానికే పరిమితమైన తనిఖీ చేయండి. ఈఎక్స్‌టీ4కు ఈ2ఎఫ్ఎస్‌సీకే, ఎక్స్ఎఫ్ఎస్‌కు ఎక్స్ఎఫ్ఎస్_రిపేర్, రెండింటికీ "-ఎన్". వరస మార్చకండి. నడుస్తున్న సర్వర్ నుంచి తీసిన స్నాప్‌షాట్‌లో జర్నల్ (ఫైల్‌సిస్టమ్ మార్పుల పద్దు) పని మధ్యలో ఆగి ఉంటుంది. ఒకసారి మౌంట్ చేస్తే అది సర్దుకుంటుంది. మౌంట్ చేయకుండా తనిఖీ నడిపితే లేని తప్పులు చూపించి భయపెడుతుంది.

డేటాబేస్ అయితే దాన్ని లేపి చూడందే నమ్మకూడదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. మధ్యాహ్నం మూడింటికి ఎవరో ఆర్డర్ల టేబుల్ మీద వేర్ షరతు లేకుండా డిలీట్ నడిపారు. చేతిలో ఉన్నది ఉదయం 7:30 స్నాప్‌షాట్. మొత్తం సర్వర్‌ను 7:30కి తిప్పితే మిగతా టేబుళ్లన్నిటిలో ఏడున్నర గంటల పని పోతుంది. అలా కాకుండా వాల్యూమ్‌ను మళ్లీ మౌంట్ చేసి, తనిఖీ సర్వర్‌లో అదే వెర్షన్ మైఎస్‌క్యూఎల్‌ను 3307 పోర్టు మీద, విడి సాకెట్‌తో, విడి కాన్ఫిగ్ ఫైల్‌తో, డేటా డైరెక్టరీ రీస్టోర్ ఫోల్డర్ వైపు చూపిస్తూ లేపండి. ఈవెంట్ షెడ్యూలర్ ఆఫ్ చేసి పెట్టండి. 8.0లో అది మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది, పాత డేటా మీద షెడ్యూల్ చేసిన పనులు నడిపేస్తుంది. కొత్త వెర్షన్‌తో అసలు లేపకండి, డేటా డైరెక్టరీని అప్‌గ్రేడ్ చేసేస్తే పాత వెర్షన్ దాన్ని మళ్లీ తెరవదు.

లాగ్‌లో క్రాష్ రికవరీ లైన్లు వస్తాయి. కంగారు పడకండి, మైఎస్‌క్యూఎల్ నిల్వ ఇంజిన్ ఇన్నోడీబీ తన పని తాను చేసుకుంటోంది. పర్మిషన్ డినైడ్ వస్తే రెండు చోట్ల చూడండి. ఒకటి, ఈ సర్వర్‌లో మైఎస్‌క్యూఎల్ యూజర్ ఐడీ అంకె పాత సర్వర్‌లో ఉన్నదానికి వేరుగా ఉండొచ్చు, ఫైళ్ల యజమాని తేడా వస్తుంది. రెండు, ఉబుంటులో యాప్‌ఆర్మర్ (ప్రోగ్రామ్‌లకు హద్దులు పెట్టే భద్రతా వ్యవస్థ) డేటా డైరెక్టరీని మామూలు చోటు కాకుండా ఇంకోచోట పెడితే అడ్డుకుంటుంది. యజమాని సరిగ్గానే ఉన్నా తెరుచుకోకపోతే నూటికి తొంభైపాళ్లు ఇదే కారణమనుకోండి.

లేచాక ఆర్డర్ల టేబుల్లో చివరి వరస సమయం చూడండి. 7:30కి అటూఇటుగా ఉంటే ఆ ఒక్క టేబుల్‌ను మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో తీసి, వేరే పేరుతో అసలు డేటాబేస్‌లోకి ఎక్కించండి. 7:30 నుంచి మూడింటి దాకా వచ్చిన ఆర్డర్లు మొదటి మెట్టులో దాచిన వాల్యూమ్‌లోని బిన్‌లాగ్‌ల నుంచి రావాలి. డిలీట్ నడిచిన స్థానం దగ్గర ఆపడం మర్చిపోకండి.

8. మార్చండి

మొత్తం వాల్యూమ్‌నే మార్చాలనుకుంటే అప్లికేషన్ ఆపి, పాతదాన్ని అన్‌మౌంట్ చేసి, డిటాచ్ చేయండి. తర్వాత కొత్తదాన్ని రీస్టోర్ ఫోల్డర్ నుంచి అన్‌మౌంట్ చేసి, తనిఖీ వేరే సర్వర్‌లో చేసి ఉంటే అక్కడి నుంచి తెచ్చి తగిలించి, పాత మౌంట్ పాయింట్ దగ్గర ఎక్కించండి. యూయూఐడీ ఒకటే కాబట్టి ఎఫ్ఎస్‌ట్యాబ్ ముట్టుకోనక్కర్లేదు. ఇలా మార్చబోయేవాళ్లు ముందే యూయూఐడీ మార్చేసి పని పెంచుకోకండి. ఎఫ్ఎస్‌ట్యాబ్ లైన్‌లో "నోఫెయిల్" లేకపోతే మాత్రం చేర్చండి, వాల్యూమ్ దొరకనప్పుడు సర్వర్ బూట్ మధ్యలో ఆగిపోకుండా ఉంటుంది. "మౌంట్ -ఏ" కొట్టి ఎర్రర్ లేదని చూశాకే రీబూట్ చేయండి.

పాడైంది రూట్ వాల్యూమ్ (ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది) అయితే దారి వేరు. ఇన్‌స్టెన్స్‌ను (అంటే మీ సర్వర్‌ను) ఎంచుకుని యాక్షన్స్, మానిటర్ అండ్ ట్రబుల్‌షూట్, "రీప్లేస్ రూట్ వాల్యూమ్" అని వెళ్లండి. ఇక్కడ మాత్రం మీరు వెతికిన బటన్ లాంటిది ఉంది. సర్వర్ ఒకసారి రీబూట్ అవుతుంది, ఐపీలు అలాగే ఉంటాయి. ఆ సర్వర్ రూట్ వంశానికి చెందిన స్నాప్‌షాట్లనే అది ఒప్పుకుంటుంది. చేత్తో మార్చాలంటే సర్వర్ ఆపి, డిటాచ్ చేసి, కొత్తదాన్ని ఇన్‌స్టెన్స్ వివరాల్లో రూట్ డివైస్‌గా చూపించే సరిగ్గా అదే పేరుతో తగిలించాలి. ఎక్స్‌వీడీఏ అయితే ఎక్స్‌వీడీఏ, ఎస్‌డీఏ1 అయితే ఎస్‌డీఏ1. ఎస్‌డీఎఫ్‌తో తగిలిస్తే "రూట్ లేదు" అని స్టార్ట్ అవదు. ఎలాస్టిక్ ఐపీ (మారని పబ్లిక్ ఐపీ) లేని సర్వర్‌ను ఆపితే పబ్లిక్ ఐపీ మారుతుంది, ఇన్‌స్టెన్స్ స్టోర్‌లో (సర్వర్‌తోపాటే వచ్చే తాత్కాలిక డిస్కులో) ఉన్నవన్నీ పోతాయి.

9. పాతవాటిని తీసేయండి

కొత్తది ఒక వారమైనా సాఫీగా నడిచాక పాత వాల్యూమ్ డిలీట్ చేయండి. మొదటి మెట్టులో తీసిన స్నాప్‌షాట్ ఉంది కాబట్టి దిగులక్కర్లేదు, దాన్ని ఇంకొన్నాళ్లు ఉంచండి. డిటాచ్ అయి ఊరికే పడున్న వాల్యూమ్‌కూ బిల్లు పడుతుంది. చేత్తో తగిలించినవి సర్వర్‌ను టెర్మినేట్ చేసినా వాటంతటవి పోవు. కొత్త వాల్యూమ్‌కు లైఫ్‌సైకిల్ పాలసీ వెతికే ట్యాగ్ ఉందో లేదో కూడా చూడండి. ట్యాగ్ లేకపోతే రేపటి నుంచి దానికి స్నాప్‌షాట్లే పడవు. ఫాస్ట్ స్నాప్‌షాట్ రీస్టోర్ ఎప్పుడో ఆన్ చేసి వదిలేసి ఉంటే ఈరోజే ఆఫ్ చేయండి, దాని మీటర్ గంటల లెక్కన తిరుగుతూనే ఉంటుంది.